తువ్వాల కింద మాట

నల్లమ్మకు కోపం వస్తే ఊళ్ళో కుక్కలు కూడా పక్క వీధికి పోతాయని తిప్పయ్య అనేవాడు. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో పెళ్ళాం గురించి ఆ మాట ఎన్నోసార్లు అన్నాడు గానీ, దానిమ్మకాయల లెక్క కాయితం వచ్చిన రోజు మాత్రం అనలేదు. ఆ రోజు ఆమె వెంటనే అరవలేదు. కాయితం తెచ్చిన కేశవను మంచం మీద కూర్చోబెట్టింది, చెంబుతో నీళ్ళిచ్చింది, అతను చెప్పిందంతా విన్నది. విన్న తర్వాత ఒక్క మాట అడిగింది.

“పదమూడు రూపాయలు యాడికి పోయినాయప్పా?”

కేశవ దానిమ్మకాయలు కొనే ఏజెంటు. బెంగళూరులో ఉన్న ఒక ఎగుమతి కంపెనీ తరఫున ముదిగుబ్బ చుట్టుపక్కల తోటలన్నీ తిరిగి, కాయ చూసి, బేరం చేసి, లారీ ఎక్కిస్తాడు. ఆ కాయ బొంబాయిలో ఓడెక్కి గల్ఫుకు పోతుంది. నెల కిందట నల్లమ్మ తోటలో నాలుగు టన్నులు కోయించాడు. కిలో ఎనభై ఆరు రూపాయలకు మాట. ఇప్పుడు తెచ్చిన కాయితంలో డెబ్బై మూడు ఉంది.

“నేను తీసుకోలేదత్తా. ఓడలోళ్ళు తీసుకున్నారు,” అన్నాడు కేశవ. “ఆడ గల్ఫు రేవు కిక్కిరిసిపోయి ఉండాది. సరుకు దించేదానికి తావు లేక ఓడలు సముద్రంలో వరసగా నిలబడి ఉండాయంట. అట్ల నిలబడినందుకు పెట్టెకింత అని ఎక్స్‌ట్రా వేసినారు. మన కాయలు పోయే ఇనప పెట్టె ఉంటాది కదా, లారీ అంత, దానికి. రద్దీ ఛార్జి అంటారు. కంపెనీ దాన్ని కిలోల లెక్కన రైతులకు పంచేసింది.”

“నిలబడిన ఓడలు ఎవరివి?”

“వాళ్ళవే.”

“నిలబెట్టింది ఎవరు?”

“రేవోళ్ళు. అది ఎవరి చేతిలో లేదత్తా.”

“నిలబడింది వాళ్ళు. నిలబెట్టింది వాళ్ళు. దుడ్లు మాత్రం నావి,” అంది నల్లమ్మ.

కేశవ నీళ్ళు తాగాడు. చెడ్డవాడేం కాదు అతను. నవ్వుతూ మాట్లాడతాడు, అత్తా మామా అని వరస కలుపుతాడు, తోటలోకి వస్తే చెప్పులు గట్టు మీదే విడుస్తాడు. అందుకే నల్లమ్మకు ఒళ్ళు మండింది. తిట్టడానికి వీలుగా ముఖం చిట్లించుకుని వచ్చే మనిషైతే ఎంతో బాగుండేది.

“నా వయసు యాభై రెండు,” అంది ఆమె. “నీళ్ళ ట్యాంకరు కాడ నిలబడినా. రేషన్ అంగడి కాడ నిలబడినా. విత్తనాల కోసం ముదిగుబ్బలో చెప్పులు వరసలో పెట్టి మూడు పొద్దులు ఆడనే పడుకున్నా. నేను నిలబడినందుకు నాకెవురూ పైసా ఇయ్యల్యా. ఓడ నిలబడితే దానికి కాళ్ళు నొస్తాయా కేశవా?”

గోడవారన కూర్చున్న తిప్పయ్య తల ఎత్తలేదు.

“పోనీ ఇంగోటి అడుగుతా,” అంది నల్లమ్మ. “మాకు నలభై గొర్లున్నప్పుడు మంద ఆపించుకునేటోళ్ళు గుర్తుందా? మా గొర్లు వాళ్ళ చేన్లో రాత్రి పండుకుంటే ఎరువు పడతాదని మాకు గింజలిచ్చి, దుడ్లిచ్చి పిలుచుకునేటోళ్ళు. ఇంగో రాత్రి ఉండు నల్లమ్మా అని బతిమిలాడి ఇంగో రాత్రికి మళ్ళా ఇచ్చేటోళ్ళు. చేను వాళ్ళది, పండుకున్నది నా గొర్లు. ఇచ్చింది చేనోళ్ళు. మరి నా కాయలు వాళ్ళ ఓడలో ఇంగో వారం పండుకుంటే నేనెట్ల ఇయ్యాల?”

“అదీ ఇదీ ఒకటి కాదత్తా.”

“కాదులే. గొర్రెకైతే న్యాయం ఉండాది.”

కేశవ లేచాడు. లేచినవాడిని ఆమె వదల్లేదు. గుమ్మం దాకా వెంట వెళ్ళి అడిగింది.

“నీ కమీషన్లో ఎంత కోసినారు?”

అతను చెప్పులు తొడుక్కుంటూ ఆగాడు. అబద్ధం చెప్పడానికి ఒక క్షణం ఆలోచించి, ఎందుకో చెప్పలేకపోయాడు. “నాదేం కోయలేదు,” అన్నాడు.

ఎక్కడో ఉరిమి మంగలం మీద పడిందని పెద్దలు ఊరికే అనలేదు. పేరు తెలియని సముద్రంలో, ముఖం తెలియనివాళ్ళ ఓడలు ఆగితే, ఆ పిడుగు బొంబాయి మీద పడలేదు, బెంగళూరు మీద పడలేదు, కేశవ కారు మీద కూడా పడలేదు. అన్నిటినీ దాటుకుని వచ్చి సముద్రమే చూడని ఊళ్ళో నాలుగెకరాల తోట మీద పడింది. నల్లమ్మ అంతసేపు దాచుకున్న అరుపు అప్పుడు వచ్చింది. కారు మలుపు తిరిగేదాకా అరిచింది. తర్వాత ఇంట్లోకి వచ్చి మొగుడి మీద అరిచింది.

“బేరం కాయితం చదివించకుండా సంతకం ఎట్ల పెట్టినావు?”

తిప్పయ్య లెక్క కాయితం మడిచి పక్కన పెట్టాడు. “పాపన్న కొడుకు కదా,” అన్నాడు.

ఆ మాటతో నల్లమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. సంతకం పెట్టిన రోజు ఆమె కూడా అక్కడే ఉంది.

ముదిగుబ్బ గొర్రెల సంతలో నలభై ఏళ్ళుగా దళారి పాపన్న. అక్కడ బేరం నోటితో జరగదు. అమ్మేవాడి చెయ్యి, పాపన్న చెయ్యి ఎర్ర గళ్ళ తువ్వాల కిందికి పోతాయి. వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. తర్వాత కొనేవాడి చెయ్యి తువ్వాల కిందికి వస్తుంది. చుట్టూ వందమంది ఉన్నా ఆ ధర ముగ్గురికే తెలుస్తుంది. ఇద్దరికీ కుదిరితే పాపన్న తువ్వాల తీసి భుజాన వేసుకుంటాడు. తీసిన తర్వాత ఇక మాట లేదు. ఇంటికి తోలుకుపోయే దారిలో గొర్రె చచ్చినా, పక్క సంతలో ధర రెండింతలైనా, వెనక్కి వచ్చి అడిగిన మగవాడు లేడు. పాపన్న దళారి కాకముందు ఎప్పుడో ఒకడు అడిగాడట. వాడి చేతిని ఆ తర్వాత ఏ తువ్వాల కిందికీ రానివ్వలేదట. చివరికి వాడు గొర్రెలు మానేసి ఇటుకల బట్టీకి పోయాడని చెబుతారు.

కేశవ బేరానికి వచ్చిన రోజు సంచిలో మూడు పేజీల ఇంగ్లీషు కాయితం తెచ్చాడు. పక్కింటి జ్యోతిలక్ష్మి ధర్మవరంలో డిగ్రీ చదువుతోంది, ఆమెతో చదివించుకుని సంతకం పెడతానని తిప్పయ్య అన్నాడు. అప్పుడు కేశవ నవ్వి, కాయితం సంచిలోకి తోసి, భుజం మీద నుంచి ఎర్ర గళ్ళ తువ్వాల తీశాడు. “మన మధ్య కాయితాలు ఏంటికి మామా. ఇది మా నాయన తువ్వాల. చెయ్యి పెట్టు,” అన్నాడు. తిప్పయ్యకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కారులో తిరిగే పిల్లవాడు తండ్రి పద్ధతి మరవలేదని నల్లమ్మ కూడా మురిసిపోయింది. అయిదు వేళ్ళు, ఆపైన మూడు, ఎనభై. మళ్ళీ అయిదు, ఆపైన ఒకటి, ఆరు. తువ్వాల తీశాక, ఆఫీసువాళ్ళ కోసం ఊరికే ఒకటి అంటూ ఆ కాయితం బయటికి తీసి సంతకం పెట్టించుకున్నాడు. మాట అయిపోయాక కాయితంలో ఏముంటే ఏమి అనుకున్నాడు తిప్పయ్య. అక్కడే దెబ్బ తిన్నాడు.

కాయితం ఇప్పుడు జ్యోతిలక్ష్మి చదివింది. రెండో పేజీ అడుగున, రవాణాలో వచ్చే అదనపు ఖర్చులన్నీ రైతువే అని ఉంది.

పదమూడు రూపాయల చొప్పున నాలుగు టన్నులకు యాభై రెండు వేలు పోయాయి. ఆ యాభై రెండు వేలు బోరువి. మాఘమాసంలోనే బోరులో నీళ్ళు జారిపోయాయి. మోటారు గంట తిరిగితే అరగంట గాలే వస్తోంది. ఇంకో నూటయాభై అడుగులు దింపితే నీళ్ళున్నాయని రిగ్గువాడు చెప్పాడు. ఉగాది లోపల దింపకపోతే ఎండలకు చెట్లు ఉండవు. కాయల డబ్బులో మిగతాదంతా మందులకూ, కూలీలకూ, బ్యాంకుకూ వచ్చిన రోజే సర్దుబాటైపోయింది. బోరుకని అనుకున్న వాటానే ఓడ మింగింది.

ఇంట్లో అమ్మడానికి ఉన్నవి ఆరు గొర్రెలు. ఒకప్పటి నలభైలో ముప్పైనాలుగు అమ్మి దానిమ్మ నాటారు. ఈ ఆరూ తల్లి గొర్రెలు. నల్లమ్మ మొదట్లో కొన్న రెండు గొర్రెల కడుపున పుట్టినవాటి సంతతి. వాటిలో నాలుగు చూడివి, ఉగాదికి ఈనుతాయి. ఆ పిల్లలతో మళ్ళీ మంద కట్టాలని ఆమె మూడేళ్ళుగా కాచుకుని ఉంది. తోట తిప్పయ్య ఆశ, మంద ఆమె ఆశ. ఒకదాన్ని బతికించాలంటే ఇంకోదాన్ని సంతకు తోలాలి.

“నేను సంతకు రాలేను,” అన్నాడు తిప్పయ్య. “పాపన్న ముఖం చూడలేను.”

“తప్పు చేసింది వాళ్ళు. ముఖం దాచుకునేది నువ్వా?” అని ఆమె కసిరింది. అయినా అతన్ని రమ్మనలేదు. తెల్లవారకముందే ఆరింటినీ ఆటో ఎక్కించుకుని తనే బయల్దేరింది. వాటిలో బొల్లి గొర్రె దారంతా ఆమె మోకాలికి మూతి ఆనించే ఉంది.

సంతలో పాపన్న ఎప్పటిలాగే తుమ్మచెట్టు పక్కన నిలబడి ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా ఉంటాడు. నల్లమ్మను చూసి నవ్వాడు.

“ఏమ్మా చెల్లెలా, బావ రాలేదే?”

“రాలేదన్నా. చెయ్యి నేనే పెడతా.”

ఆ సంతలో ఆడవాళ్ళు తువ్వాల కింద చెయ్యి పెట్టే అలవాటు లేదు. గొర్రెలు తోలుకొస్తారు, పట్టుకుని నిలబడతారు, చెయ్యి మాత్రం మొగుడో కొడుకో పెడతాడు. పాపన్న ఒకసారి చుట్టూ చూశాడు. “గొర్లు నీవైతే చెయ్యి కూడా నీదే,” అని తువ్వాల దులిపి పట్టుకున్నాడు.

సోమందేపల్లె నుంచి వచ్చిన రామాంజనేయులు అనే వ్యాపారి గొర్రెలను చూశాడు. వెన్ను తడిమాడు, పళ్ళు చూశాడు, చూడి గొర్రెల పొట్ట కింద చెయ్యి పెట్టి తృప్తిగా తల ఆడించాడు. అతని వేళ్ళకీ నల్లమ్మ వేళ్ళకీ మధ్య పాపన్న వేళ్ళు నాలుగుసార్లు తిరిగాయి. చివరికి అయిదు, ఆపైన నాలుగు, తొమ్మిది వేలు. తర్వాత రెండు వేళ్ళు, రెండు నూర్లు. గొర్రెకు తొమ్మిది వేల రెండు వందలు. నల్లమ్మ ఆ రెండు వేళ్ళనూ గట్టిగా నొక్కింది. పాపన్న తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు. రామాంజనేయులు డబ్బీలోని ఎర్రరంగులో చెయ్యి ముంచి ఆరు గొర్రెల వీపులమీదా అద్దాడు. నోట్లు లెక్కపెట్టి చేతికిచ్చాడు.

ఆమె నోట్లు కొంగున కట్టింది. తాళ్ళు మాత్రం వదల్లేదు.

“గొర్రెకు ఇంగో వెయ్యి ఇయ్యప్పా,” అంది.

రామాంజనేయులుకు అర్థం కాలేదు. “ఏంటికమ్మా?”

“పొద్దున సంత గేటు కాడ రద్దీ ఉండె. ఆటోలు ఆగిపోయినాయి. నా గొర్లు గంటసేపు నిలబడినాయి. అట్ల నిలబడినందుకు తలకు వెయ్యి.”

పక్కనున్నవాళ్ళు ముందు నవ్వారు. ఆమె నవ్వడం లేదని చూశాక నవ్వు ఆపారు. ఒకడు, “ఏందమ్మా, పిచ్చిగిచ్చి పట్టిందా,” అన్నాడు. ఇంకొకడు, “ఆడదాన్ని చెయ్యి పెట్టనిస్తే ఇట్లే ఉంటాది,” అన్నాడు. గొర్రెల మధ్య నుంచి మనుషులు తోసుకుంటూ వచ్చారు. క్షణాల్లో తుమ్మచెట్టు చుట్టూ దడి కట్టినట్టు జనం నిలబడ్డారు.

పాపన్న ముఖం నల్లబడింది. “నల్లమ్మా,” అన్నాడు. చెల్లెలా అనలేదు. “నలభై ఏండ్లలో నా తువ్వాల తీసినాక మాట మార్చినోళ్ళు లేరు. బేరం కాకముందు అడగాల. తీసినాక అడిగేది మనుషులు చేసే పని కాదు. ఇది ఎవురు నేర్పినారు నీకు?”

“నీ కొడుకు నేర్పినాడన్నా.”

జనం సద్దుమణిగారు. ఎక్కడో ఒక పొట్టేలు అరుస్తోంది, దాన్ని ఎవరో అదిలించారు. నల్లమ్మ గొంతు పెంచలేదు. ఎనభై ఆరు ఎట్లా డెబ్బై మూడైందో మొదటి నుంచీ చెప్పింది. ఓడల సంగతి చెప్పింది. కాయితం సంచిలోకి పోయి తువ్వాల బయటికి వచ్చిన సంగతి చెప్పింది. “ఎర్ర గళ్ళది. నీ భుజం మీద ఉండాదే, అదే,” అంది.

పాపన్న తన భుజం వైపు చూసుకున్నాడు.

కేశవ ఆ సంతలోనే ఉన్నాడు. తోటల రైతులందరూ గొర్రెలవాళ్ళే కాబట్టి ప్రతి సంతకూ వచ్చి, టీ అంగడి దగ్గర కూర్చుని రాబోయే కోతల గురించి మాట్లాడుకుంటాడు. ఎవరో పోయి పిలుచుకొచ్చారు. అతను వచ్చి, అందరి ముఖాలూ చూసి, ఓపికగా చెప్పడం మొదలుపెట్టాడు. ఓడ కంపెనీ వేసింది, వాళ్ళు ఈమెయిలు పంపినారు, అందరికీ పడింది, బొంబాయి పార్టీకి పడింది, బెంగళూరుకు పడింది, మనమేం చెయ్యగలం. పడిన చోటల్లా జారిపోయి చివర ఎవరి దగ్గర ఆగిందో మాత్రం చెప్పలేదు.

“నాకూ పదమూడే కోసినాడన్నా,” అన్నాడు గుంపులోంచి ఓబిలేష్ అనే రైతు. “నాకూ తువ్వాలే కప్పినాడు.” ఇంకా ముగ్గురు చేతులెత్తారు.

“ఓడ సంగతి నాకు తెలీదు,” అన్నాడు పాపన్న కొడుకుతో. “నేను చూడల్యా. తువ్వాల సంగతి చెప్పు. నీకు కాయితముండాది, కంపెనీ ఉండాది. ఇంగ నా తువ్వాల ఏంటికి తీస్కపోయినావు?”

కేశవ జేబులో ఫోన్ తడుముకున్నాడు.

“నేను చెప్తా,” అంది నల్లమ్మ. “కాయితం ఇస్తే మేము చదివించుకుంటాం. తువ్వాల ఇస్తే చదివించుకోం. అందుకు.”

పాపన్న కొడుకు ముఖం వైపే చూస్తూ నిలబడ్డాడు. కాదని అంటాడేమోనని చూశాడు. కేశవ చెప్పుల వైపు చూసుకున్నాడు. “అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అంటారు,” అని పాపన్న గొణిగాడు. “అట్లని తప్పించుకునేదానికీ లేదు. తువ్వాల నాదైపాయె.”

భుజం మీది తువ్వాల తీసి, నాలుగు మడతలు పెట్టి, నల్లమ్మ చేతిలో పెట్టాడు.

“ఇది కుదవ. వీడు ఎవురెవురికి ఇది కప్పినాడో వాళ్ళందరికీ పదమూడు రూపాయలు ఇచ్చేదాంకా నీ కాడనే ఉండనీ. అప్పటిదాంకా నేను బేరం చెయ్యను.”

“నాయనా, నేను తప్పకుండా కంపెనీతో మాట్లాడి...” అని కేశవ అందుకున్నాడు.

“మాట్లాడుకో,” అన్నాడు పాపన్న. తుమ్మచెట్టు మొదట్లో కూర్చున్నాడు. తువ్వాల లేని ఆ భుజం ఎంత బక్కగా ఉందో అప్పుడు అందరికీ కనిపించింది. దళారికి తువ్వాల లేకపోతే చేతులు లేనట్టే. ఆ రోజు ఇంకా సగం సంత మిగిలి ఉంది.

నల్లమ్మ కోపం అప్పటికీ చల్లారలేదు. తువ్వాల చేతిలో పట్టుకుని నిలబడితే, కొట్టాల్సినవాడు ఎక్కడో ఉంటే ఈ ముసలాయనకు తగిలిందే అని ఇంకా ఎక్కువైంది. పాపన్న సంతలో ఉన్నాడు కాబట్టి దొరికాడు. మాట ఉన్నవాడు కాబట్టి దొరికాడు. ఓడవాడికి ఏముందని దొరుకుతాడు?

రామాంజనేయులు దగ్గరికి వచ్చాడు. అంతసేపూ పక్కనే నిలబడి విన్నాడు. “అమ్మా, నీ గొర్లు నువ్వు తోలుకుపో,” అన్నాడు మెల్లగా. “నా దుడ్లు నాకియ్యి. రంగు కడిగితే పోతాది. పాపన్న కొడుకు ఇచ్చే యాభై రెండు వేలతో నీ పని జరుగుతాది. చూడి గొర్లు, పాపం.”

చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. ఓబిలేష్ కూడా, “తోలుకుపో అక్కా, ఎవురూ తప్పు పట్టరు,” అన్నాడు.

తాళ్ళు ఇంకా ఆమె చేతిలోనే ఉన్నాయి. బొల్లిది ఆమె కొంగు నములుతోంది. వీపు మీద రంగు ఇంకా ఆరలేదు. ఒక్క చెంబు నీళ్ళు చాలు. ఆ ఒక్క క్షణం నల్లమ్మకు ప్రాణం ఎంత లాగిందో ఆమెకే తెలుసు. ఉగాదికి నాలుగు ఈనుతాయి, రెండేళ్ళకు పది, అయిదేళ్ళకు మంద. అవును అంటే చాలు, అందరూ సరే అంటున్నారు.

పాపన్న చెట్టు కింద నుంచి చూస్తున్నాడు. కేశవ కూడా చూస్తున్నాడు. అతను ఆమె ఏం చేస్తుందా అని కాచుకుని ఉన్నాడు. ఆమె ఇప్పుడు గొర్రెలు తోలుకుపోతే రేపు ఏ తోట గట్టు మీదైనా అనగలడు, నల్లమ్మత్త కూడా మాట వెనక్కి తీసుకుందని.

“వద్దప్పా,” అంది ఆమె. “తువ్వాల తీసినారు. నేను ఇంతసేపు కొట్లాడింది దానికే కదా. నాకొక న్యాయం, వాళ్ళకొక న్యాయం అంటే ఓడకూ నాకూ తేడా ఏముండాది.” ఆరు తాళ్ళూ రామాంజనేయులు చేతిలో పెట్టింది. “ఆ బొల్లిదానికి సజ్జలు పెడితే తినదు. జొన్న పెట్టు. ఈనేటప్పుడు కొత్తోళ్ళను దగ్గరికి రానియ్యదు, దూరంగా ఉండి చూడు.”

గొర్రెలు లారీ ఎక్కుతుంటే ఆమె చూడలేదు. చూస్తే అరుస్తానని భయం వేసింది. తువ్వాలను సంచిలో పెట్టుకుని బస్సు దగ్గరికి నడిచింది.

ఆ వారం రిగ్గు వచ్చి బోరు దింపింది. ఇంకో నూట ముప్పై అడుగులు దిగగానే నీళ్ళు పడ్డాయి. తిప్పయ్య ఆ నీళ్ళు దోసిట్లో పట్టి ముఖం కడుక్కున్నాడు. నల్లమ్మ గట్టు మీద నిలబడి చూసింది. సంతోషం వచ్చింది, దాని వెనకాలే ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసి డ్రిప్పు పైపులు సర్దడానికి వెళ్ళింది.

పాపన్న సంతకు వచ్చేవాడట. తుమ్మచెట్టు కింద కూర్చునేవాడట. ఎవరైనా తమ తువ్వాల ఇవ్వబోతే తల అడ్డంగా ఊపేవాడట. ఓబిలేష్ వచ్చి చెప్పినప్పుడల్లా నల్లమ్మ దూలానికి వేలాడేసిన తువ్వాల వైపు చూసేది. రెండుసార్లు సంచిలో పెట్టుకుని పోయి ఇచ్చేద్దామని లేచింది. రెండుసార్లూ కూర్చుంది. జాలి పడితే ఆయన చేసిన పనికి విలువ లేకుండా పోతుందని ఆమెకు తెలుసు.

నాలుగో సంత ముందురోజు పొద్దున కేశవ వచ్చాడు. కారులో రాలేదు. తండ్రి పాత స్కూటరు మీద వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. చెప్పులు గుమ్మం బయట విడిచి, కవరు తీసి తిప్పయ్య ముందు పెట్టాడు.

“యాభై రెండు వేలు మామా. మిగిలిన నలుగురికీ ఇచ్చేసి వస్తాండా.”

“ఓడోళ్ళు తిరిగిచ్చినారా?” అని అడిగింది నల్లమ్మ.

కేశవ నవ్వబోయి ఆపుకున్నాడు. “లేదత్తా. కారు అమ్మినా. కంపెనీని అడిగితే నువ్వేమన్నా దానధర్మాలు చేస్తాండావా అన్నారు.”

“అంటే ఓడోడిది ఓడోడి కాడనే ఉండాది.”

“ఆడనే ఉండాది.”

ఆమె కవరు తీసి చూసి మళ్ళీ తిప్పయ్య ముందే పెట్టింది. నా గొర్రెలు, వాడి కారు, ముసలాయన మూడు సంతల కూలి. ఇన్ని పోయినా ఆ ఓడకు ఈ ఊరి గాలి కూడా సోకలేదు. కోపం అట్లాగే ఉంది. ఎవరి మీద ఉమ్మాలో తెలియక దాన్ని ఇన్నాళ్ళుగా మోస్తోంది, ఇక ముందూ మోయాలి.

దూలం మీది తువ్వాల తీసింది. ఉతికి ఆరేసిందే, మడత పెట్టి అతని చేతికిచ్చింది.

“మీ నాయనకియ్యి,” అంది. “ఇంగ దీన్ని నువ్వు ముట్టద్దు.”

“వచ్చే కోతకు...” అన్నాడు కేశవ మెల్లగా.

“కాయితం తే. జ్యోతిలక్ష్మితో చదివిస్తా. రెండో పేజీ అడుగున రాసింది కొట్టేస్తే సంతకం, లేకపోతే లేదు. ఊళ్ళో అందరికీ చెప్పినా.”

అతను వెళ్ళిన తర్వాత తిప్పయ్య కవరు పట్టుకుని, “రామాంజనేయులుకు ఫోన్ చేద్దామా, గొర్లు వెనక్కి ఇస్తాడేమో,” అన్నాడు. నల్లమ్మ అప్పటికే చేసింది. నాలుగూ ఈనాయి, అయిదు పిల్లలు, బొల్లిదానికి కవలలు. పిల్లలతో కలిపి ఇప్పుడు ధర లక్ష దాటింది. అతను అడగదగ్గ ధరే అడిగాడు, తప్పేం లేదు.

ఆమె చీపురు, గంప తీసుకుని గొర్రెల దొడ్డిలోకి వెళ్ళింది. మూలల్లో ఇంకా గొర్రెపెంట మిగిలి ఉంది. దాన్నంతా ఊడ్చి, గంపకెత్తుకుని, తోటలోకి మోసి, దానిమ్మ చెట్ల పాదుల్లో పిడికెడు పిడికెడు వేసింది. మూడు వరసలకు సరిపోయింది. మిగతా చెట్లకు ఎరువు కొనాలి.